లోపలి పట్టీ

కిటికీ పక్క సీటు దొరికిందని సంబరపడేలోపే ఎండ వచ్చి ఆమె ఒళ్లో కూర్చుంది. ఒళ్లో సంచి, సంచిలో నిన్న కుట్టిన నైటీ, లేత నీలం నూలుగుడ్డ, గరుకు పోయేదాకా రెండుసార్లు ఉతికి ఆరేసి ఇస్త్రీ చేసి చంటిపిల్లల బట్టలు మడిచినట్టు మడిచి పెట్టింది. ఎవరికోసం కుట్టిందో ఆ మనిషిని ఆమె ఎప్పుడూ చూడలేదు. పార్సిల్ మీద అంటించే చీటీలో చదివిన చిరునామా తప్ప ఏమీ తెలీదు, ఆ చీటీ నకలు పట్టుకునే ఇప్పుడు బస్సెక్కింది. గంట పడుతుందండీ అన్నాడు కండక్టరు, చిల్లర వెతుక్కుంటూ ఆమె ముఖం కూడా చూడకుండా. గంట చాలు. గంటలో ఏం మాట్లాడాలో తేల్చుకోవచ్చు. అమ్మా, నేను ఫలానా అని మొదలుపెట్టాలి, ఫలానా అంటే ఏమని, మీరు ఫోన్లో నైటీ కొన్న దుకాణం నాదేనండీ అనా, మీ అమ్మగారి భుజం మీద పుండు నావల్లే అనా, ఛ, ఆ మాట ఎందుకొస్తుంది నోట్లోకి, ముందు మంచినీళ్లు అడగాలి, దాహమని గుమ్మంలో నిలబడ్డ ఆడమనిషి ముఖాన ఎవరూ తలుపు వెయ్యరు, నీళ్లు తాగాక కూర్చోమంటారు, కూర్చున్నాక సంచి విప్పాలి, ఇది మీ అమ్మగారికని కుట్టి తెచ్చానండీ, ఆ పైన మెల్లగా, మీరు రాసిన నాలుగు ముక్కలు తీసేస్తే మా కుటుంబం నిలబడుతుందండీ, కంపెనీవాళ్లు ఇవాళ సాయంత్రం ఐదింటిదాకానే గడువిచ్చారు, నిలబడుతుంది అనకూడదేమో, అడుక్కున్నట్టుంటుంది, అడుక్కోవడం కాక మరేమిటి ఇది, ఇంకా ముసుగెందుకు.

ఆ నాలుగు ముక్కలూ ఆమెకి కంఠతా వచ్చేశాయి. అయిదు రోజులైంది చదివి. ఒకటే స్టారు, కింద ఫొటో, ఫొటోలో ముడతలు పడ్డ భుజం, భుజం మీద ఎర్రగా కందిపోయి తెగిన చర్మం, కింద రాత: ‘లోపల మెత్తటి పట్టీ ఉంటుందని నమ్మి కొన్నాను. పట్టీ లేదు, ఏమీ లేదు. పక్షవాతం వచ్చిన మా అమ్మ కదల్లేదు, మాట సరిగా రాదు, నొప్పి అని చెప్పుకోలేదు. దయచేసి ఎవరూ కొనకండి.’ తిట్టి ఉంటే బాగుండేది. తిట్టిన వాళ్లని తిరిగి తిట్టుకోవచ్చు. ఆ దయచేసి అన్న మాట దగ్గర ఆమెకి ప్రతిసారీ నోట్లో తడి ఆరిపోతోంది. ఆ మర్నాడే అమ్మకాల కంపెనీ దుకాణాన్ని మూసి పెట్టింది, మూసి పెట్టడమంటే తాళం వెయ్యడం కాదు, వేస్తే కనీసం తలుపు కనబడేది, ఫోన్లో ఎంత వెతికినా అసలు ఆ దుకాణం అనేది ఎప్పుడూ లేనట్టే మాయమైపోయింది. కూతురు కంపెనీకి ఫోన్ చేస్తే ఒకమ్మాయి తియ్యటి గొంతుతో, కొన్నవాళ్లు తమంతట తాము గడువులోగా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే తెరుస్తామండీ అంది, తీసుకోకపోతే అంటే, మీ సహనానికి ధన్యవాదాలు అంది. సహనం ఎవడిక్కావాలి. గదిలో కత్తిరించి పెట్టిన గుడ్డల దొంతరలున్నాయి, అప్పు చేసి కొన్న మిషన్లున్నాయి, ఆ మిషన్ల మీద ఆధారపడ్డ టైలరమ్మ ఉంది, పని లేదని తెలిసీ రోజూ ఠంచనుగా తొమ్మిదింటికొచ్చి స్టూలు మీద కూర్చుని కత్తెరకి నూనె రాసి వెళ్తోంది.

బస్సు ఎక్కడో ఆగింది, ఎవరో దిగారు, ఒక లావుపాటాయన బల్బుల అట్టపెట్టె ఒళ్లో పెట్టుకుని ఆమె పక్కన కూలబడ్డాడు, కూలబడగానే కళ్లు మూశాడు. అదృష్టవంతుడు. అత్తగారు కూడా అంతే, కళ్లు మూస్తే చాలు గుర్రు, అది పక్షవాతం రాకముందు, వచ్చాక నిద్రే లేదు, పొద్దున్నే నైటీ మార్చడానికి ఎడం చెయ్యి పైకెత్తితే గావుకేక పెట్టేది, పదిహేడేళ్లు ఆసుపత్రి వార్డులో ఎంతమందికి బట్టలు మార్చిందో లెక్కలేదు గానీ ఇంట్లో ఈ ఒక్క మనిషి దగ్గర ఆమె చేతులు వణికేవి. నువ్వు నర్సువా కసాయిదానివా అనేది అత్తగారు, మాట పూర్తిగా రాకపోయినా తిట్టు మాత్రం స్పష్టంగా వచ్చేది. ఒకరోజు విసుగెత్తి ఒంటిమీదున్న నైటీనే భుజం దగ్గర్నుంచి మోచెయ్యి దాకా కత్తెరతో సర్రున కోసేసింది, కోసింది కోపంతోనే, ఆ సంగతి తర్వాత ఎవరికీ చెప్పలేదు. కోశాక చూస్తే చెయ్యి ఎత్తకుండానే బట్ట ఊడొచ్చింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇదేదో ముందే కొయ్యొచ్చుగా అంది అత్తగారు. ఆ సాయంత్రమే కోసినచోట అయిదు టిచ్ బటన్లు కొట్టి, నొక్కితే పట్టేట్టు, లాగితే విడిపోయేట్టు చేసి వేస్తే, మర్నాటికల్లా అత్తగారు మూలుగుతోంది, బటను వెనకవైపు ఇనుము ఒత్తుకుంటోందని. అప్పుడు కుట్టింది మొట్టమొదటి పట్టీ. పాత దుప్పటి చింపి, రెండు మడతలు వేసి, బటన్ల వెనక నిలువునా, భుజం మలుపు తిరిగేచోట మిషన్ పోదు కాబట్టి చేత్తో. పట్టీ వేశాక అత్తగారు ఇంకేమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడమంటే పెద్ద బిరుదు ఇచ్చినట్టే.

అది అక్కడితో ఆగిపోతే ఎంత హాయిగా ఉండేది. వార్డులో ఒకరికి చెప్పింది, వాళ్లు ఇంకొకరికి చెప్పారు, డ్యూటీ దిగాక వారానికి రెండు మూడు కుట్టిచ్చేది, ఎవరి అమ్మకో, ఎవరి నాయనమ్మకో, కొలతలు కూడా అక్కర్లేదు, మంచం మీద మనిషిని చూస్తే తెలిసిపోయేవి. అత్తగారు పోయాక ఖాళీ మంచం ఎదురుగా కూర్చోలేక ఇంకా ఎక్కువ కుట్టింది. కూతురు కాలేజీలో ఏదో నేర్చుకొచ్చి ఫొటోలు తీసి ఫోన్లో దుకాణం తెరిచింది, దుకాణానికి పేరేం పెడదామే అంటే, రోగుల్ని రెండు గంటలకోసారి పక్కకి తిప్పి ఒత్తిగిలించాలి అంటుంటావుగా అమ్మా, ఒత్తిగిలి అని పెడదాం అంది. ఆమె భర్త నవ్వాడు, పేరు వింటేనే నిద్రొస్తోంది, కొనేదెవరు అని. లిఫ్టులు బాగుచేసే మనిషి, ఇరవయ్యేళ్లుగా ఎవరి కిందో చేస్తున్నాడు, సొంతంగా చేసుకోవాలని ముందుగదిలో పనిముట్లు సర్దుకున్నాడు, ఒక్కొక్క స్పానరు కొనుక్కుని గోడకి మేకులు కొట్టి సైజు ప్రకారం వేలాడదీసుకున్నాడు. మిషన్లు వచ్చాక ఆ స్పానర్లన్నీ మూటగట్టి మంచం కిందికి తోసింది ఆయనే. ఆమె అడగనైనా అడగలేదు. గోడకి మేకులు మాత్రం అలాగే ఉన్నాయి, వాటికిప్పుడు దారపు కండెలు తగిలిస్తున్నారు.

ఉద్యోగం మానేసిన రోజు తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి. పెద్ద సిస్టరు చెప్పింది చిలక్కి చెప్పినట్టు, సెలవు పెట్టు తల్లీ, ఆరు నెలలు పెట్టు, ఏడాది పెట్టు, రాజీనామా మాత్రం ఇవ్వకు అని. వెనక తలుపు తెరిచి పెట్టుకుంటే ముందుకి అడుగు పడదు మేడమ్ అంది తను, ఎంత గొప్పగా అందో, అది తన మాట కూడా కాదు, ఫోన్లో ఎవడో కోటేసుకుని చెప్తుంటే విన్నది. వార్డులో కుర్ర నర్సులు చప్పట్లు కొట్టారు. ఎనిమిది నెలలైంది. పోయిన నెలలో ఇంట్లో చెప్పకుండా వెళ్లింది మళ్లీ ఆసుపత్రికి, ఊరికే చూసిపోదామని వచ్చానని నీళ్లు నమిలింది, పెద్ద సిస్టరు టీ తెప్పించింది, టీ తెప్పించినప్పుడే ఉద్యోగం లేదని తెలిసిపోయింది, ఉంటే కాగితం తెప్పించేది. తన మంచాల దగ్గర ఒక కొత్త పిల్ల తిరుగుతోంది, చురుగ్గా ఉంది, దిండు సర్దే పద్ధతి కూడా బాగానే ఉంది. ఆ పిల్లని చూసి అసూయపడింది, అసూయపడినందుకు సిగ్గుపడింది, టీ చల్లారిపోయింది.

బస్సు కుదుపుకి లావుపాటాయన తల వాలి ఆమె భుజం మీద పడింది. లేపుదామనుకుంది. ఆయన జేబులో పెన్ను ఆమె జబ్బకి గుచ్చుకుంటోంది, మరీ గట్టిగా కాదు, ఒక మొండి వేలు పెట్టి నొక్కినట్టు. పోనీలే, పడుకోనీ. కాసేపట్లో దిగుతాడు. ఆమె కిటికీలోంచి చూస్తూ కూర్చుంది, టైర్ల కొట్టు, మందుల షాపు, ఎవరో నిచ్చెన మీదెక్కి బోర్డుకి రంగు వేస్తున్నారు, ఆమె మనసు మాత్రం ఎటు తిప్పినా ఆ వారం దగ్గరికే పోతోంది. ఎవరో ఫిజియోథెరపీ అమ్మాయి తన రోగికి ఈ నైటీ తొడుగుతూ వీడియో తీసి పెట్టిందట, అంతే, ఏడాదిలో రాని ఆర్డర్లు ఒక్క వారంలో వచ్చి పడ్డాయి. ఇంట్లో పండగే. మూడు రోజుల్లో పంపకపోతే కంపెనీవాళ్లు వెనక పేజీకి నెట్టేస్తారు, వెనక పేజీ అంటే శ్మశానమే అమ్మా అంది కూతురు. అన్నం మిషన్ మీదే, మాటలు మిషన్ మీదే. నైటీ కుట్టడానికి పట్టే సమయం ఒక ఎత్తు, పట్టీ ఒక ఎత్తు, కత్తిరించాలి, మడవాలి, మలుపు దగ్గర చేత్తో కుట్టాలి. గుట్టలా పెరిగిపోతున్న పని చూసి, కళ్లు మండిపోతూ, ఆ మాట తన నోటితోనే అంది.

“ఈసారికి పట్టీ వద్దక్కా,” అంది టైలరమ్మతో.

టైలరమ్మ మిషన్ ఆపింది. “పట్టీ లేకపోతే గుచ్చుకోదూ?”

“ఇవి కొత్త బటన్లు కదా, వెనకవైపు నున్నగానే ఉన్నాయి. చూడు.”

టైలరమ్మ చూడలేదు. “నువ్వు నర్సువి, నీకు తెలుస్తుంది,” అని మిషన్ తొక్కింది.

తెలుసు. అదే కదా. బొటనవేలితో బటను వెనకంతా తడిమి చూసి నున్నగా ఉందనుకుంది, ఎవరి బొటనవేలు అది, పదిహేడేళ్లు మందునీళ్లలో నాని, సూదులకి రాటుదేలిన వేలు, దానికేం తెలుస్తుంది. ముసలివాళ్ల చర్మం ఉల్లిపొరలా ఉంటుందనీ, వాళ్ల పక్కమీద అన్నం మెతుకున్నా అచ్చు పడుతుందనీ కొత్త నర్సులకి పాఠం చెప్పిన మనిషే ఆ మాట అంది. నలభై ఒక్క నైటీలు వెళ్లాయి అలా. దుకాణంలో మాత్రం బొమ్మ కింద రాత మార్చలేదు, లోపల మెత్తటి పట్టీ, ఒంటికి ఇనుము తగలదు, అది స్వయంగా తన చేత్తో రాసిందే. తర్వాతి వారం నుంచి మళ్లీ పట్టీలు వేసింది. అంటే తప్పని తెలిసే కదా. తప్పని తెలియకపోతే మళ్లీ ఎందుకేస్తుంది. ఆ నలభై ఒకటినీ తలుచుకోకుండా ఉండటానికి నెలరోజులు బాగానే సాధన చేసింది, ఆ ఫొటో వచ్చేదాకా.

ఫొటో చూసి ఆయన ఒకటే అడిగాడు, నిజమేనా అని. వాళ్లకి సరిగా తొడగడం చేతకాలేదు అంది. ఆయన తలూపాడు. నమ్మాడు. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆయన ఆమెని నమ్మకపోవడం ఎన్నడూ లేదు, అందుకే ఆ తలూపడం గుండెల్లో ముల్లులా దిగింది. కూతురైతే ఇంకా నయం, అరికాలి మంట నెత్తికెక్కి, మా అమ్మ స్వయంగా నర్సు, మా బట్టల్లో ఎలాంటి లోపమూ లేదు, రోగిని సమయానికి ఒత్తిగిలించకపోతే పుళ్లు పడతాయి అని ఆ ఫిర్యాదు కిందే అందరూ చూసేట్టు జవాబు రాసేసింది. రాసి చదివి వినిపించింది. బాగా రాశానా అమ్మా. బాగా రాశావే. ఏం గడ్డి తిని ఆ మాట అందో. పిల్లకి తెలీదు పాపం. తల్లి మీద నమ్మకంతో ఎవరో మంచం పట్టిన మనిషి కూతుర్ని పదిమందిలో నిలబెట్టి నీదే తప్పంది, తల్లి పక్కనే కూర్చుని బాగుందంది.

ఫోన్ మోగింది. ఆయనే.

“ఎక్కడిదాకా వచ్చావ్ సిస్టరూ?” కోపం వచ్చినా దిగులు కలిగినా ఆయన అలాగే పిలుస్తాడు, ఆసుపత్రిలో పిలిచినట్టు.

“సగం దూరం.”

“కాళ్లమీద పడకు. నీ తప్పు లేనప్పుడు పడక్కర్లేదు. మర్యాదగా అడుగు, వింటే విన్నారు.”

“ఊఁ.”

“తిన్నావా?”

“తిన్నాను,” అంది. తినలేదు. ఇది కూడా ఒక అబద్ధమే, చిన్నది, రోజూ చెప్పుకునేది, కానీ ఇవాళ నాలుక మీద బరువుగా తగిలింది.

ఫోన్ సంచిలో పెట్టాక గమనించింది, జబ్బ మీద పెన్ను గుచ్చుకుంటున్నచోట ఇప్పుడు మంటపుడుతోంది. ఎంతసేపైంది, పది నిమిషాలు కూడా కాలేదేమో. కదుల్దామనిపించింది. కదలకుండా ఉండి చూద్దాం అనుకుంది, ఎందుకనుకుందో ఆమెకే తెలీదు, పళ్లు బిగపట్టి అలాగే కూర్చుంది. మొదట మంట, తర్వాత మొద్దుబారినట్టు, తర్వాత లోపల్నుంచి సలుపు, ఎముకని ఎవరో పిలుస్తున్నట్టు. ఒక స్టాపు. రెండు స్టాపులు. నోరు తెరిచి ఏవండీ కాస్త జరగండి అంటే అయిపోతుంది, నాలుగు మాటలు, ఆ నాలుగు మాటలు లేని మనిషి ఏం చేస్తుంది, గోడకేసి చూస్తూ పడుకుంటుంది, కూతురు వచ్చి కళ్లలోకి చూసి ఏంటమ్మా, దాహమా, దోమా అని అడుగుతుంది, దోమ కాదమ్మా అనలేదు. మూడో స్టాపు దగ్గర ఇక పట్టలేక విసురుగా జరిగింది. లావుపాటాయన ఉలిక్కిపడి లేచి, క్షమించండమ్మా, నిద్రపట్టేసింది అన్నాడు. పర్లేదండీ అంది. జబ్బ మీద చిన్న ఎర్రటి గుంట పడింది. అరగంటలో పోతుంది తనకైతే.

తిరుగు బస్సెక్కేస్తే. ఎదురుగా వచ్చే ప్రతి బస్సూ ఇంటికే పోతున్నట్టుంది. ఇంటికి పోయి ఏం చేస్తుంది, టైలరమ్మని రావద్దంటుందా, ఆయన్ని మూట విప్పి స్పానర్లు మళ్లీ గోడకి తగిలించుకోమంటుందా. లేదు, అడగాలి, ఎలాగైనా తీయించాలి, కాళ్లు కూడా పట్టుకుంటుంది, కాళ్లు పట్టుకోవడం ఏమంత కష్టం, రోజూ పట్టినవే కదా వార్డులో, అది వేరే. తీయించాక ఇకపై ప్రాణం పోయినా పట్టీ లేకుండా కుట్టదు, ఒట్టు, ఆ మిగతా నలభై మందిలో ఎవరూ ఏమీ అనలేదుగా, అంటే వాళ్లకేమీ కానట్టే. కానట్టేనా. వాళ్లలో మాట వచ్చేవాళ్లెందరు. ఈ ప్రశ్న దగ్గరికి రాగానే ఆమె మనసు గుర్రంలా మొరాయించి పక్కకి తిరిగిపోయింది, కిటికీ బయట ఎవరివో ఆరేసిన దుప్పట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

దిగిన చోటి నుంచి రెండు సందులు. కింద సైకిళ్లు బాగుచేసే కొట్టు, పక్కనుంచి ఇరుకు మెట్లు, పైన రంగు వెలిసిన తలుపు. తలుపు తీసినావిడకి తన వయసే ఉంటుంది, నలభై అయిదు, జుట్టు ముడేసి పెన్సిలు గుచ్చుకుంది, కళ్ల కింద నల్లటి గుంటలు. డెట్టాలు వాసన గుమ్మందాకా వచ్చింది. బస్సులో గంటసేపు నేర్చుకున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు.

“నేను ఒత్తిగిలి,” అంది. అనేశాక తనకే వింతగా వినబడింది. “ఆ దుకాణం. నైటీల దుకాణం.”

ఆవిడ ఒక్క క్షణం చూసి, తలుపు పూర్తిగా తెరిచింది. “మీరు ఇంతదూరం వచ్చారా,” అంది, కోపంగా కాదు, భయపడినట్టు. “రండి. కూర్చోండి. పొద్దున్నే తీసేశానండీ అది. మీరు చూసుకోలేదా?”

గదిలో ఒక కుర్చీ, గోడవారగా మంచం, తలవైపు కోళ్ల కింద రెండేసి ఇటుకలు. మంచం మీద చిన్న పిట్టలాంటి ముసలమ్మ గోడవైపు తిరిగి ఉంది. ఆవిడ నీళ్లు తెచ్చి చేతికిచ్చింది, అడక్కుండానే. గ్లాసు పట్టుకుని ఆమె అలాగే నిలబడింది. తీసేసింది. పొద్దున్నే. బస్సెక్కకముందే అయిపోయింది. ఒళ్లంతా ఒక్కసారి తేలికైపోయింది, నవ్వొచ్చేట్టుంది, ఏడుపొచ్చేట్టుంది, అంతలోనే సంచిలో ఫోన్ గుర్రుమంది, తీసి చూస్తే కంపెనీ నుంచి, మీ దుకాణం తిరిగి అందుబాటులోకి వచ్చింది, కింద మూడు కొత్త ఆర్డర్లు.

“నేను అలా రాసి ఉండకూడదు,” అంటోంది ఆవిడ. కింద చూస్తూ, చీర చెంగు వేలికి చుట్టుకుంటూ. “బళ్లో గుమాస్తాని. జీతం లేని సెలవు పెట్టి అమ్మని చూసుకుంటున్నాను. మీవాళ్లు రాసిన జవాబు చదివాక ఆలోచిస్తే తెలిసింది. రెండు గంటలకోసారి తిప్పాలన్నారు కదా డాక్టరు. ఆ వారంలో ఒకరోజు ఒళ్లు తెలీకుండా నిద్రపోయాను. లేచేసరికి అమ్మ అదే భుజం మీద ఉంది. నా నిర్లక్ష్యం మీ మీదకి తోసేశాను. ఏమీ అనుకోకండి.”

ముసలమ్మ గోడవైపు నుంచే ఏదో అంది. మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. కూతురు వంగి విని, ఇబ్బందిగా నవ్వింది. “మీరు ఆసుపత్రి నుంచి వచ్చారనుకుంటోంది. నన్ను తిట్టొద్దని చెప్తోంది. పాపం అలిసిపోయింది, దాన్నేమీ అనొద్దు అంటోంది.”

నీళ్ల గ్లాసు కుర్చీ మీద పెట్టేసింది. ఇప్పుడు సంచి ఇచ్చేసి, బాగా చూసుకోండి అని చెప్పి, మెట్లు దిగితే సరి. ఎవరూ ఏమీ అడగరు. దుకాణం తెరుచుకుంది, పట్టీలు వేస్తుంది, టైలరమ్మకి పని ఉంటుంది, కూతురి మాట నిలబడుతుంది, ఆయన తలూపుతాడు. దిగాలి. కాళ్లు మంచం వైపు వెళ్లాయి. పదిహేడేళ్ల అలవాటు, మంచం కనబడితే ఆగని కాళ్లు అవి. “ఒక్కసారి చూడొచ్చా,” అంది, జవాబు వచ్చేలోపే భుజం మీది గుడ్డ తొలగించింది. ఫొటోలో చూసినట్టు ఒకటే కందిన మరక కాదు. దగ్గర్నుంచి చూస్తే అయిదు గుండ్రటి మచ్చలు, రెండు తెగాయి, మూడు ఎండుతున్నాయి, మచ్చకీ మచ్చకీ మధ్య రెండంగుళాలు. ఆ రెండంగుళాలూ ఆమె సుద్దతో గీసి, స్కేలు పెట్టి కొలిచి, బటను బటనుకీ వదిలిన దూరం. ఒత్తిగిలించకపోతే పడే పుండు ఇలా ఉండదు. అది ఎముక ఎక్కడుంటే అక్కడ పడుతుంది. ఇది బటను ఎక్కడుంటే అక్కడ పడింది.

“ఇది మీరు నిద్రపోయినందుకు కాదండీ,” అంది, ముసలమ్మ భుజం మీద నుంచి చూపు తిప్పకుండా.

“అంటే?”

“లోపల పట్టీ ఉండాలి. వెయ్యలేదు. మర్చిపోయి కాదు. టైం లేదని వెయ్యలేదు. నేను నర్సుని, ఏమవుతుందో తెలుసు నాకు. మా అమ్మాయి రాసిన జవాబు అబద్ధం. దానికి తెలీదు. నాకు తెలుసు.”

కింద సైకిలు కొట్టులో ఎవరో సుత్తితో కొడుతున్నారు. ఆవిడ అరుస్తుందనుకుంది, అరిస్తే బాగుండుననుకుంది. ఆవిడ గోడకి ఆనుకుని, మెల్లగా జారి, నేలమీద కూర్చుండిపోయింది.

“మీవాళ్ల జవాబు చదివిన రోజు నుంచి నేను నిద్రపోలేదు,” అంది. “భయం. కన్ను మూస్తే అమ్మకి ఇంకో పుండు చేస్తానేమోనని. కుర్చీలో కూర్చుని గిల్లుకుంటున్నాను. చూడండి.” చెయ్యి చాపింది. మోచేతి లోపలంతా గోళ్ల గాట్లు.

నర్సుగా ఎన్నో గాయాలు చూసింది, ఏ గాయానికి ఏ మందో తెలుసు, ఈ గాట్లకి మాత్రం చేతిలో ఏమీ లేదు. “మళ్లీ రాయండి,” అంది. “నేను చెప్పిందంతా రాయండి.”

“రాస్తాను.” ఆవిడ కళ్లెత్తలేదు. “మీరు తెచ్చిందేదో తీసుకెళ్లండి. నాకొద్దు.”

“సరేనండీ. పుండు ఒక్కసారి కడిగి కట్టి వెళ్తాను. అది మాత్రం నాకు వచ్చు.”

ముసలమ్మ మళ్లీ ఏదో అంది, ఈసారి ఎవరూ అర్థం చెప్పలేదు. చివరికి ఆవిడ లేచి, లోపలి నుంచి గిన్నె, దూదీ తెచ్చి మంచం పక్కన పెట్టింది. “అక్కడ కుళాయి ఉంది,” అంది. “చేతులు కడుక్కోండి.”

కట్టు కట్టాక, రెండు దిళ్లు ఎలా పెడితే భుజం గాల్లో ఉంటుందో చూపించాక, సంచి తీసుకుని బయటికొచ్చింది. మెట్ల మధ్యలో కాళ్లు ఆగిపోయాయి. అక్కడే కూర్చుంది. ఫోన్ తీసింది. ఆ నలభై మంది నంబర్లూ ఉన్నాయి, పార్సిల్ చీటీలు కూతురు ఫొటోలు తీసి అందులోనే దాచిపెట్టింది. రాయడం మొదలుపెట్టింది, చెరిపింది, మళ్లీ రాసింది. ‘మా దగ్గర కొన్న నైటీ వెంటనే విప్పేయండి. లోపల పట్టీ లేదు. తప్పు మాది. భుజం చూడండి, ఎర్రగా ఉంటే ఈ నంబరుకి ఫోన్ చేయండి.’ ఇది పంపితే ఐదింటికల్లా దుకాణం మళ్లీ మాయమవుతుంది, ఈసారి ఎవరి కాళ్లు పట్టుకున్నా తెరవరు. ఇంటికెళ్లి ఆయన ఎదురుగా కూర్చుని, నిజమేనా అని అడిగావు కదా అని మొదలుపెట్టాలి. కూతురికి చెప్పాలి. టైలరమ్మకి ఏం చెప్పాలో తెలీదు. వేలు తెర మీద పెట్టింది, తీసింది, కింద సైకిలు కొట్టు అతను తలెత్తి చూసి, ఎవరు కావాలమ్మా అన్నాడు, ఎవరూ వద్దు నాయనా అంది. పెట్టిన వేలు ఈసారి తియ్యలేదు. ఒకటి వెళ్లింది. రెండు. పది. నలభై.

గోడకి తల ఆన్చింది. అంతా అయిపోయిందా అంటే అయిపోయింది, ఎనిమిది నెలలు, పదిహేడేళ్లు, మంచం కింద మూట. ఏడుద్దామంటే రాలేదు. ఇంతలో చేతిలో ఫోన్ మోగింది, తెలియని నంబరు, ఎత్తింది. అవతల ఒక మగగొంతు, పెద్దాయన, ఊపిరి ఎగపోస్తున్నాడు, ఇప్పుడే మీ కబురు చదివానమ్మా, మా ఆవిడకి విప్పి చూశాను, రెండు చోట్ల ఎర్రగా ఉంది, నాకేం చెయ్యాలో తెలీడం లేదు, అసలు ఎవరు మాట్లాడేది అన్నాడు.

“ఆ నైటీ కుట్టింది నేనేనండీ,” అంది. “వేలితో మెల్లగా నొక్కి వదలండి. ఎరుపు పోయి తెల్లబడుతోందా, అలాగే ఉందా చెప్పండి. ఫోన్ పెట్టకండి, నేనిక్కడే ఉన్నాను.”